సిప్పీఘాట్ బురదలో హాజరు పిలుపు

ఫేబేకి ఒక అలవాటు ఉంది. అలవాటనేది చిన్నమాట. జబ్బు అంటాడు వాళ్లాయన సుందర్‌రాజ్, అదీ ఆమె వినకుండా. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం లైట్లు వేసే వేళకి ఒకసారి, వాన పడితే మాత్రం లెక్కే లేదు, వంటింట్లోంచి ఇంటిల్లిపాదినీ పేరుపేరునా పిలుస్తుంది.

"ఏవండీ?"

"ఆ."

"ఫ్రెడ్డీ?"

"ఆ మమ్మీ."

"షెరిన్?"

"ఆ."

మూడు ‘ఆ’లూ చెవిన పడ్డాకే ఆమె చేతిలో గరిటె మళ్లీ కదులుతుంది. చౌల్దారీ అనే ఊళ్లో వాళ్ల ఇల్లెంతని? రెండు గదులూ ఒక వరండా. వంటింటి గుమ్మంలోంచి తల బయటికి పెడితే అందరూ కనిపిస్తారు. ఆ తల మాత్రం పెట్టదు. పిలుస్తుంది. పక్కింటి రామలక్ష్మి ఎన్నిసార్లు నవ్విందో! "ఏటి ఫేబే, మీ ఇల్లేమన్నా జహాజా? ఎవులైనా మధ్యలో దిగిపోనారేటని అడుగుతున్నావు?" అంటుంది. ఫేబే కూడా నవ్వేస్తుంది. నవ్వి, పది నిమిషాలు ఆగి మళ్లీ పిలుస్తుంది.

ఫేబే పుట్టింది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లోనే. తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, తండ్రి జెట్టీలో మూటలు మోశాడు, ఆమె స్కూలు బస్సెక్కింది. చదువుకోడానికి కాదు, ఆయాగా. పదహారేళ్ల నుంచీ అదే పని. నీలం చీర, మెడలో కార్డు, చేతిలో పిల్లల పేర్ల కాగితం. ఆ కాగితం చూడనే చూడదు. నలభై ఒక్క పేర్లూ నోటికే వచ్చు. ఏ పిల్లకి ఏ సందు దగ్గర వాంతి వస్తుందో, ఏ పిల్లాడు టిఫిన్ డబ్బా కిటికీలోంచి పారేస్తాడో అన్నీ తెలుసు. బస్సు సిప్పీఘాట్ మీదుగా టౌనుకి పోతుంది. అక్కడ రోడ్డు పక్కన ఒకప్పుడు వరి పొలాలుండేవి. సునామీకి నేల కుంగి ఉప్పునీళ్లు లోపలికొచ్చాయి, వచ్చినవి పోలేదు. ఇప్పుడంతా మడచెట్లూ చిత్తడీ. అక్కడున్న చిన్న కల్వర్టు వైపు ఫేబే రోజూ కిటికీలోంచి చూస్తుంది. తూము గోడలో కిందనుంచి రెండో రాయి మునిగితే పోటు మొదలైనట్టు. ఎవరూ నేర్పలేదు, పదహారేళ్లు చూసి చూసి తెలిసింది. కానీ ఆ నీళ్లలో ఒక్కనాడూ కాలు పెట్టలేదు. రోడ్డు పక్కన మొసలి బొమ్మ వేసిన బోర్డుంది కదా, ఆమెకి ఆ బోర్డు చాలు.

ఇంతకీ ఆ పిలుపుల జబ్బు ఎలా పట్టుకుందంటారా? ఎనిమిదేళ్ల కింద ఒక జూన్ ఉదయం. కుండపోతగా వాన. బస్సు అప్పటికే ఇరవై నిమిషాలు లేటు. స్కూలు గేటు దగ్గర ఫేబే గొడుగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తుంటే, పిల్లలు ‘ప్రెజెంట్ ఆంటీ’ అంటూ ఒక్కొక్కరే దూకి పరుగెత్తారు. స్వాతి అని యూకేజీ పిల్ల. "స్వాతీ?" అంటే "ప్రెజెంట్ ఆంటీ!" అని వినిపించింది. ఫేబే తలుపు వేసేసింది. రెండు గంటల తరవాత బస్సు కడగడానికి వెళ్లిన డ్రైవరు నూకన్నకి చివరి సీటు కింద స్వాతి దొరికింది. నిద్రపోయి, లేచి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చెమటతో తడిసి ముద్దయి ఉంది. దేవుడి దయ, పిల్లకేం కాలేదు. సరదాకి పక్క పిల్ల ఎవరో పలికిందట.

స్వాతి తల్లి రాజకుమారి తిట్టలేదు, అరవలేదు. పిల్లని భుజాన వేసుకుని ఒక్కటే అడిగింది. "దీదీ, అది నా పిల్ల గొంతు కాదని నీకు తెల్లేదా?"

"వాన చప్పుడులో తెల్లేదమ్మా" అంది ఫేబే.

నెల రోజులు పనిలోంచి ఆపి మళ్లీ పిలిచారు. ఆ రోజు వాన పడిందన్నది నిజమే, ఊరంతా సాక్ష్యం. అప్పటినుంచి బస్సు ఖాళీ అయ్యాక ఫేబే చివరి సీటు నుంచి ముందు సీటు దాకా వంగి వంగి, ఒక్కో సీటు కిందా చేత్తో తడిమి చూసి గానీ దిగదు. బస్సుకి అది. ఇంటికి ఈ పిలుపు.

అయితే ఇంట్లోవాళ్లు మాత్రం మనుషులు కారా? ఎంతకని పలుకుతారు? మొదట దారి చూపించింది సుందర్‌రాజే. కరెంటాఫీసులో లైన్‌మేన్. మెత్తని మనిషి, పెళ్లాం బెంగపడితే చూడలేడు. షెరిన్ ఏ పక్కింట్లోనో ఆడుకుంటుంటే, "నీ చెల్లి బదులు నువ్వు పలికీరా. మీ మమ్మీకి మనశ్శాంతి" అని కొడుక్కి చెప్పాడు. ఫ్రెడ్డీ గొంతు సన్నం చేసి పలికేవాడు. ఫ్రెడ్డీ లేకపోతే షెరిన్ గొంతు బరువుగా పెట్టి పలికేది. ఇప్పుడు ఫ్రెడ్డీకి పంతొమ్మిది, షెరిన్‌కి పన్నెండు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఎవరి బదులు ఎవరు పలుకుతున్నారో వాళ్లకే లెక్క తెలీదు. అంతా ప్రేమతోనే సుమా.

ఇక నవంబరులో వచ్చిన రెండో శనివారం సంగతి. షెరిన్ స్కూల్లో పీటీ సారు మణికుమార్ ఒక కొత్త ఆట పెట్టాడు. పేరు ఓరియంటీరింగ్. ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇస్తారు. వాటిని బట్టి తెలియని చోట దాచిన జెండాలు వరసగా వెతుక్కుంటూ పోవాలి. ఒక్కో జెండా దగ్గరా వేలాడే పంచ్‌తో కార్డుకి చిల్లు పెట్టుకోవాలి. కుటుంబమంతా కలిసి ఆడాలి. ఆడే చోటు సిప్పీఘాట్ చిత్తడి.

"ఆ బురదలోకా? నా బొందిలో ప్రాణముండగా పంపను" అంది ఫేబే.

షెరిన్ ఏడవలేదు. ఏడిస్తే ఫేబే కరిగేది కాదు. "మమ్మీ, క్లాసులో అందరూ పేర్లిచ్చారు. నేనొక్కదాన్నే ఇవ్వలేదు. నువ్వు కూడా వస్తావు కదా, ఫిర్ క్యా డర్?" అంది. తను కూడా ఉంటుంది. ఆ మాట ఫేబేని పట్టేసింది. తను ఉంటే ఏమవుతుంది?

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి కల్వర్టు పక్కన పదకొండు కుటుంబాలు చేరాయి. సన్నగా తుంపర. మణికుమార్ అందరికీ చెప్పాడు. "అంకుల్, ఆంటీ, ధ్యాన్ సే సునో. జెండాలు ఆరు. కుటుంబం విడిపోకూడదు. పదకొండున్నరకల్లా రోడ్డెక్కేయాలి, ఆ తరవాత పోటు వస్తది. తప్పిపోతే ఉన్నచోటే ఉండి సీటీ ఊదండి, మేం వచ్చేస్తాం." ఇంటికో ఈల ఇచ్చాడు.

మ్యాపూ కార్డూ షెరిన్ పట్టుకుంది. దిక్సూచి సుందర్‌రాజ్ లాక్కున్నాడు. ఈల ఎవరికి? "నాకివ్వు మమ్మీ" అని షెరిన్ చెయ్యి చాచింది. "నువ్వు ఊరికే ఊదుతావు, నాకాడుంటే భద్రం" అని ఫేబే తన మెడలోనే వేసుకుంది. ఇంటి మొత్తంలో ఎప్పటికీ తప్పిపోని మనిషి ఎవరంటే ఆవిడే. ఈల ఆవిడ మెడలోనే ఉంది. చూడండి ఆ తెలివి!

ఫేబే కల్వర్టు వంక చూసింది. రెండో రాయి పైకే ఉంది. గుండెల మీద శిలువ గీసుకునే అలవాటు వాళ్ల చర్చిలో లేదు గానీ, ఉంటే ఆ పూట గీసుకునేదే.

మొదటి రెండు జెండాలూ ఇట్టే దొరికాయి. మూడో దానికి మడచెట్లలోకి దిగాల్సి వచ్చింది. బురద చీలమండల దాకా, తరవాత పిక్కల దాకా. కాలు పీకితే గుబుక్కుమని చప్పుడు, కుళ్లిన ఆకుల కంపు. మడవేళ్లు నేలలోంచి మేకుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. పక్కన ఏదో నీళ్లలో బుడుంగుమంది. చేపే కావచ్చు. ఫేబేకి మాత్రం బోర్డు మీది మొసలి బొమ్మ కళ్ల ముందాడింది. చెట్లు ఎంత దట్టమంటే నాలుగడుగుల ముందున్న మొగుడి చొక్కా కూడా కనిపించడం లేదు. అందుకే పిలిచింది.

"ఏవండీ?"

"ఆ."

"ఫ్రెడ్డీ?"

"ఆ మమ్మీ."

"షెరిన్?"

"ఆ. మమ్మీ, బస్ కరో నా, ఇంక చాలు!"

అందరూ నవ్వారు. ఫేబేకి కూడా కాస్త ఊపిరాడింది.

నాలుగో జెండా అయ్యాక అసలు తగువు మొదలైంది. సుందర్‌రాజ్‌కి దిక్సూచి చేతిలో ఉందన్నమాటే గానీ నమ్మకం కరెంటు స్తంభాల మీద. "అదిగో, దూరంగా మా లైను కనిపిస్తోంది. దాని వెంబడే పోతే రోడ్డు, రోడ్డు పక్కన జెండా ఉండకేం చేస్తది?" అంటాడు. మ్యాపులో స్తంభాలు లేవు. "కాదు డాడీ, లెఫ్ట్‌కి పాత పొలం గట్టు ఉంది. దాని చివర ఐదో జెండా" అని షెరిన్ మ్యాపు చూపించింది. "పిల్లవి, నీకు తెల్దు, చలో" అని ఆయన నడిచాడు. ఆయన వెనక ఫేబే, ఆమె వెనక ఫ్రెడ్డీ, చివర షెరిన్. షెరిన్‌ని మధ్యలో ఉండమని ఫేబే రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పే ఓపిక లేక ఊరుకుంది. బురదలో కాళ్లు పీక్కోడానికే ప్రాణం పోతోంది.

వాన పెద్దదైంది. ఆకుల మీద టపటపా. ఫేబే వెనక్కి తిరగకుండానే పిలిచింది. మూడు ‘ఆ’లూ వినిపించాయి. ఐదు నిమిషాలాగి మళ్లీ పిలిచింది. మళ్లీ మూడు. ఇంకా కొంచెం నడిచాక మరోసారి. మూడూ వచ్చాయి.

చెట్లు పలచబడి కల్వర్టు కనిపించింది. ఫేబే చూపు అలవాటుగా తూము మీదికి పోయింది. రెండో రాయి లేదు. మూడో రాయి కూడా సగం మునిగింది. టైము ఇంకా పదింబావు. కొండల మీది వాననీళ్లు కిందికి వస్తుంటే సముద్రం వాటికి ఎదురెక్కుతోంది.

"పోటొచ్చీసింది! ఆట లేదు, గీట లేదు, అందరూ రోడ్డెక్కండి" అని అరుస్తూ వెనక్కి తిరిగింది.

ఫ్రెడ్డీ ఒక్కడే ఉన్నాడు.

"చెల్లేదిరా?"

ఫ్రెడ్డీ మొహం పాలిపోయింది. వెనక్కి చూశాడు. తల్లిని చూశాడు. "ఇప్పుడే వచ్చేస్తానంది మమ్మీ... ఆ గట్టు కాడ జెండా కనిపిస్తంది, పంచ్ చేసి వచ్చీస్తాను, మమ్మీ పిలిస్తే నువ్వు పలికీ అంది... దో మినట్ అంది..."

"ఎప్పుడు?"

"నువ్వు మొదటిసారి పిలవక ముందే... నాలుగో జెండా తరవాత."

అంటే మూడుసార్లు. మూడుసార్లూ వీడే. వాడి చెంప పగలగొట్టాలని ఫేబే చెయ్యి లేచింది, మధ్యలోనే దిగిపోయింది. సుందర్‌రాజ్ అప్పటికే "షెరిన్! షెరిన్!" అని కేకలేస్తూ అడ్డదిడ్డంగా పరుగుతీస్తున్నాడు. ఫ్రెడ్డీ ఇంకో వైపు దూకబోయాడు.

"ఆగండి!" అంది ఫేబే. ఆ గొంతు బస్సులో నలభై మందిని కూర్చోబెట్టే గొంతు. "తలోదిక్కూ పోతే మిమ్మల్ని ఎవరెతకాల? బస్సులోలాగ చివర్నించి ఎతుక్కుంటా రావాల. అది ఎక్కడ ఆగిందో ఆ చెట్టు చూపించరా ముందు."

ఈల ఊదింది. ఊది ఊది బుగ్గలు నొప్పెట్టాయి. జవాబు లేదు. ఎలా ఉంటుంది? ఈల తన మెడలో ఉంటే పిల్ల దేనితో ఊదుతుంది? ఆ సంగతి అప్పుడు తట్టింది. కల్వర్టు మీదున్న మణికుమార్ ఆ ఈల విని రోడ్డు దిగడం మాత్రం దూరంగా కనిపించింది. అతను వచ్చేసరికి పదిహేను నిమిషాలు. నీళ్లు అంతసేపు ఆగవు.

వచ్చిన దారినే వెనక్కి నడిచారు. అడుగుజాడలన్నీ నీళ్లు నిండి గుంటలైపోయాయి. పిక్కల దాకా ఉన్న నీరు మోకాళ్లకొచ్చింది. ఒక దుంగ నీళ్ల మీద మెల్లగా కదులుతూ పోతుంటే ముగ్గురూ కొయ్యబారి నిలబడ్డారు. దుంగే. ఫేబే పైకే ప్రార్థన చేస్తోంది, తెలుగులో మొదలెట్టి హిందీలోకి పోయి మళ్లీ తెలుగులోకి వస్తోంది. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, వంగి, వేళ్ల కింద చూసి, చేత్తో తడిమి ముందుకు కదులుతోంది. సుందర్‌రాజ్‌కి గట్టిగా అరవాలనిపించింది. "నీళ్లు పెరిగిపోతన్నాయే, తొందరగా..." అన్నాడు. "తొందరపడే ఒకసారి తలుపేసీసేను" అంది ఫేబే. ఆయన కూడా వంగి పక్క చెట్టు వేళ్ల కింద తడమసాగాడు.

"ఈ చెట్టే" అన్నాడు ఫ్రెడ్డీ. మొదలు రెండుగా చీలిన మడచెట్టు. దాని ఎడమ పక్కన పాత గట్టు ఒకటి నీళ్లలోంచి వీపు బయటపెట్టి ఉంది, అదీ అక్కడక్కడే. చివర్లో తెల్లా నారింజా జెండా.

జెండాకి ఇటువైపు, గట్టు తెగిన చోట, షెరిన్.

తొడల దాకా బురదలో, నడుం దాకా నీళ్లలో ఉంది. మ్యాపుని రెండు చేతులతో తల మీద పట్టుకుంది. ఏడవడం లేదు. అది చూసి ఫేబేకి ఇంకా భయమేసింది.

సుందర్‌రాజ్ ఉరకబోతే ఫేబే చొక్కా పట్టి లాగింది. "నువ్వు బరువు. నువ్వూ దిగబడిపోతావు. కొమ్మలిరువు." తండ్రీకొడుకులు మడకొమ్మలు ఫెళఫెళా విరిచి బురద మీద పరిచారు. ఫేబే వాటి మీద బోర్లా పడుకుంది. ఆమె కాళ్లు ఫ్రెడ్డీ పట్టుకున్నాడు, ఫ్రెడ్డీ నడుం సుందర్‌రాజ్ పట్టుకున్నాడు. కొమ్మలు కిందికి అణుగుతుంటే నోట్లోకి ఉప్పునీళ్లు పోతున్నా మోచేతుల మీద జరిగింది, జరిగింది, చెయ్యి చాచి పిల్ల తల మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా తగిలింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"కాలు లాక్కో. మెలితిప్పు. బూటు పోతే పోనీవే, అది పోనీ!"

ఒక కాలు వచ్చింది. రెండోది రాదు. నీళ్లు పిల్ల రొమ్ము దాకా వచ్చాయి. ఫేబే బురదలోకి చెయ్యి భుజం దాకా దూర్చి, బూటు తాడు తడిమి, గోళ్లతో ముడి లాగేసింది. కాలు చటుక్కున ఊడి వచ్చింది. తండ్రీకొడుకులు ఒక్క ఊపున ఇద్దర్నీ గట్టు మీదికి లాగేశారు. మణికుమార్ తాడు పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి నలుగురూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడి ఉన్నారు. ఎవరి మొహం ఎవరిదో తెలియనంత బురద.

రోడ్డు మీద టీ దుకాణం వెనక కుళాయి ఉంది. ఫేబే కూతుర్ని రాతి మీద కూర్చోబెట్టి కాళ్లు కడుగుతోంది. మడవేళ్లు గీరి పిక్కలంతా ఎర్రటి గీతలు. సుందర్‌రాజ్ నాలుగు టీలు పట్టుకుని నిలబడ్డాడు, ఎవరికివ్వాలో తోచనట్టు. ఫ్రెడ్డీ దూరంగా గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. షెరిన్ చేతిలో ఇంకా కార్డుంది. ఐదో గడిలో చిల్లు పడి ఉంది.

నోరు విప్పింది పిల్ల. "నాకు వినిపించింది మమ్మీ. నువ్వు షెరిన్ అని పిలిచావు. అప్పటికే కాలు దిగిపోయింది. ఇక్కడున్నా అని ఎంత గట్టిగా అరిచేనో! అప్పుడు ఎవరో ఆ అన్నారు. నువ్వు ముందుకెళ్లిపోయావు. మళ్లీ పిలిచావు. మళ్లీ ఆ అన్నారు."

ఫ్రెడ్డీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

షెరిన్ తల్లి మొహంలోకి చూసింది. "అది నా గొంతు కాదని నీకు తెల్లేదా మమ్మీ?"

ఫేబే చేతులు ఆగిపోయాయి. కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

"వానలో ఏం తెలుస్తదమ్మా" అని సుందర్‌రాజ్ అందుకున్నాడు. "ఆకుల మీద ఆ చప్పుడు, పాపం మీ మమ్మీకి..."

ఎంత చక్కటి సాకు! ఎనిమిదేళ్ల కింద ఒకసారి వాడింది, రాజకుమారి నమ్మింది, స్కూలువాళ్లు నమ్మారు, మొగుడు ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఇంకోసారి వాడినా ఎవరూ కాదనరు. ఫేబే కుళాయి కట్టేసింది.

"తెలుసే" అంది. "తెలుసు. నా పిల్లల గొంతు నాకు తెల్దా? ఇంట్లో మీరు పలికే దొంగ ‘ఆ’లు కూడా ఇన్నాళ్లూ తెలుసు. వెనక్కి తిరిగి చూడాలంటే కాలు బురదలోంచి పీకాల. ‘ఆ’ అని ఇనపడింది కదా, చాల్లే అనుకున్నా. ఆ రోజు బస్సులో కూడా తెలుసు. అది స్వాతి గొంతు కాదు. వాన పడతా ఉంది, లేటైపోయింది, తలుపేసీసేను."

సుందర్‌రాజ్ చేతిలో టీలు చల్లారిపోయాయి. ఫేబే తలెత్తలేదు. కొట్టినా పడదామన్నట్టు పిల్ల పాదాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

షెరిన్ ఒక పాదం వెనక్కి తీసుకుంది, రెండోది ఉంచేసింది.

"ఇంక పిలవకు మమ్మీ" అంది. "వచ్చి చూడు."